వెనక ఉండాల్సిన మనిషి

ఆ ఊళ్ళో కారు తోలేవాళ్ళలో సగం మంది మాస్టారి పక్కన కూర్చుని చెమటలు కక్కినవాళ్ళే. మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, డ్రైవింగ్ స్కూలు మాస్టారు. బస్టాండు వెనక సందులో, టైర్ల కొట్టుకీ జిరాక్స్ కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒక గది, గోడకి రోడ్డు గుర్తుల పటం, బయట నెత్తిన ఎర్ర అక్షరాల పలక మోస్తూ ఒక చిన్న కారు. అంతే ఆయన సంస్థానం. ఆ కారుకి ఎడమవైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటుంటే, మాస్టారు ఎడమ సీట్లో కూర్చుని ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని "తొందర లేదమ్మా, నిదానం, నిదానం" అంటుండేవాడు. ఎన్నేళ్ళు ఆ మాట అన్నాడో, చివరికి జనం ఆయన్నే నిదానం మాస్టారు అనడం మొదలుపెట్టారు. ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు తెర మీద కారేదైనా దూసుకొస్తే ఆయన కాలు దానంతటదే నేలని తొక్కేది. అది చూసి భార్య నవ్వేది.

ఆయనకి పెళ్ళికి ముందు కొన్న మోటారు సైకిలు ఒకటి ఉంది. దాని మీద ఒకప్పుడు ఆయన ఎంత వేగంగా తిరిగాడో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఆయనకి మాత్రం గుర్తుంది. ఆదివారం పూట దాన్ని పాత బనీను గుడ్డతో తుడుస్తూ, ఎవరూ చూడకుండా ఒకసారి ఎక్సిలేటర్ ఇచ్చి ఆ చప్పుడు వినేవాడు. బతుకంతా పక్కవాడి స్టీరింగు వంక చూస్తూ కూర్చున్నవాడికి ఆ చప్పుడు ఒక్కటే సొంతం.

పళ్ళ డాక్టరు కూడా మాస్టారి దగ్గర కారు నేర్చుకున్నవాడే. ఏటా వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఆయన మోటారు సైకిళ్ళున్న వాళ్ళందర్నీ పోగేసి, పెద్ద రోడ్డు వదిలి కొండదారుల వెంట రోజంతా తిప్పి తీసుకొస్తాడు. టైల్స్ కొట్టు అన్నదమ్ములు, ఫొటో స్టూడియో నడిపే ఆవిడ, ఇంకా ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉండేవాళ్ళే. ఆ ఏడు మాస్టారి బావమరిది కూడా వస్తానన్నాడు.

బావమరిదిని అందరూ బన్ను అంటారు. బేకరీలో రొట్టెలు కాల్చడం అతని పని. బొద్దుగా, తెల్లగా, మెత్తగా ఉంటాడు కాబట్టి కూడా ఆ పేరు అతికిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. నలభై దాటాక ఏం బుద్ధి పుట్టిందో ఒక పాత బండి కొనుక్కుని, బావ దగ్గరే తోలడం నేర్చుకున్నాడు. భయస్తుడు. మలుపు వస్తే చాలు, బండి దిగి తోసుకెళ్ళనా అన్నట్టు చూస్తాడు.

బయల్దేరే రోజు పొద్దున్న మాస్టారి భార్య గుమ్మం దాకా వచ్చింది. "ఏమండీ, వాణ్ణి కాస్త చూసుకోండి. మీరున్నారనే పంపిస్తున్నాను" అంది. బన్ను వెనక సీటుకి పెద్ద సంచీ కట్టుకుంటున్నాడు.

"ఏంట్రా అది?"

"అందరికీ తీపి బన్నులు అక్కా. రాత్రి డ్యూటీలోనే చేసేశా. ఇంకా వెచ్చగానే ఉన్నాయి."

పెట్రోలు బంకు దగ్గర అందరూ కలిశారు. డాక్టరు హెల్మెట్ చంకన పెట్టుకుని, పళ్ళు పీకేముందు ధైర్యం చెప్పే గొంతుతో నియమాలు చెప్పాడు. ముందు బండిని ఎవరూ దాటకూడదు. వెనకవాడు కనబడకపోతే ఆగి చూడాలి. ముందు టైల్స్ కొట్టు తమ్ముడు వెళ్తాడు, కొత్త బండి కదా.

"మాస్టారు అందరికంటే ఆఖర్న. ఆయన వచ్చారంటే అందరూ వచ్చేసినట్టే లెక్క" అన్నాడు డాక్టరు.

"ఆయన్ని ముందు పెడితే మనం సాయంత్రానికి బంకు కూడా దాటం లెండి!" అన్నాడు టైల్స్ కొట్టు అన్న. అందరూ గొల్లుమన్నారు. ఎవరి మనసులోనూ చెడ్డ లేదు. మాస్టారు కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు మొహం మీద కాసేపు అలాగే నిలిచిపోయింది, తీసేయడం మర్చిపోయిన పలకలాగా.

ఊరు దాటి, ఇటుక బట్టీలు దాటి, పొలాల మధ్య సన్నటి తారురోడ్డు ఎక్కారు. రెండు పక్కలా గడ్డి పసుపు పూలు పూసి ఉంది. గాలిలో తడిమట్టి వాసన. ముందు బళ్ళు వరసగా ఒంపులు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంది. మాస్టారికి మాత్రం కనిపిస్తున్నది బన్ను వీపు ఒక్కటే. వీపూ, దాని వెనక సంచీ. బన్ను ప్రతి గుంతకీ బ్రేకు వేస్తున్నాడు. కొంగలు ఎగిరితే ఆగి చూస్తున్నాడు. వంతెన వస్తే కింద నీళ్ళున్నాయో లేదో చూడాలంటాడు. "బావా, చేతులు తిమ్మిరెక్కాయి, ఒక్క నిమిషం" అంటాడు. "బావా, అటు చూడు, కొండ మీద మబ్బు ఎలా కూర్చుందో!" అంటాడు.

మాస్టారు ఆగాడు. మళ్ళీ ఆగాడు. ముందు వాళ్ళు ఎప్పుడో కనుమరుగయ్యారు. నిదానం, నిదానం అని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పింది తనే. ఇవాళ ఆ మాట ఎవరో తన ఇంజనులోనే పోసినట్టుంది.

కొండదారి మొదలైంది. ఎత్తయిన చెట్లు రెండు వైపుల నుంచీ వంగి రోడ్డు మీద నీడ పరిచాయి. తారు నల్లగా, తడిగా, మెరుస్తూ పైకి మెలికలు తిరిగిపోతోంది. ఒక మలుపు దగ్గర చెట్లు విడిపోయి, కింద జలాశయం నీలంగా కనబడింది. పైన ఎక్కడో టైల్స్ కొట్టు తమ్ముడి బండి గర్జన వినబడింది. మాస్టారి చెయ్యి ఆయన్ని అడక్కుండానే తిరిగింది. చిన్నగా హారను కొట్టి, బన్నుని దాటేశాడు. బన్ను చెయ్యి ఊపాడు. మాస్టారు ఊపలేదు.

అద్దంలో ఒకసారి చూశాడు. బన్ను బండి దీపం చిన్నదైంది. ఇంకో మలుపు తిరిగాక చూశాడు. ఖాళీ రోడ్డు. ఆగాలి. ఆగాలని తెలుసు. ఆగలేదు.

ఆ తర్వాత తోలినట్టు ఆయన జన్మలో ఎప్పుడూ తోలలేదు. బండి పాతదని మర్చిపోయింది, తను యాభై దాటినవాడినని తనూ మర్చిపోయాడు. మలుపు మలుపుకీ ఒళ్ళు అటూ ఇటూ వాలుతుంటే ఎవరో వెన్నెముకలో తుప్పు వదలగొడుతున్నట్టనిపించింది. ఎడమ సీటు లేదు, పక్కన వణికే చేతులు లేవు, "బావా" అనే పిలుపు లేదు. హెల్మెట్ లోపల ఆయన గట్టిగా నవ్వాడు. స్టూడియో ఆవిణ్ణి దాటాడు. టైల్స్ కొట్టు అన్నని దాటాడు. నియమం గియమం అన్నీ గాలికి వదిలేసి, కొండ మీద హోటలు ముందు డాక్టరు బండి పక్కనే వచ్చి ఆగాడు.

"అమ్మ మాస్టారూ!" అన్నాడు డాక్టరు. టైల్స్ కొట్టు తమ్ముడు వచ్చి భుజం తట్టాడు. "ఏం తోలారండీ! ఆ ఆఖరి మలుపులో మిమ్మల్ని పై నుంచి చూశాను. నా కొత్త బండి అమ్మేసి మీ పాత బండి కొనుక్కుంటా!"

వెనక వాళ్ళు కూడా వచ్చారు. మాస్టారు వచ్చాడంటే అందరూ వచ్చేసినట్టే కాబట్టి హోటలువాడికి భోజనాలు చెప్పేశారు. కుర్చీలు లాక్కుంటుండగా స్టూడియో ఆవిడ చుట్టూ చూసింది.

"బన్ను గారేరీ?"

అందరూ మాస్టారి వంక తిరిగారు. ఆ మొహాల మీద ఇంకా మెచ్చుకోలు ఆరలేదు. ఇన్నేళ్ళలో ఆయన వంక ఎవరూ అలా చూడలేదు. 'వదిలేసి వచ్చాను' అనడానికి నోరు తెరిచాడు.

"వాడా? వాడు కొండెక్కే ముందే భయపడి ఇంటికి తిరిగిపోయాడు. నేనే పంపించేశాను" అన్నాడు.

అనేశాక తనే ఉలిక్కిపడ్డాడు.

"పాపం, బన్ను టీలో ముంచితే మెత్తబడుతుందని విన్నాను గానీ, కొండ చూసి కూడా మెత్తబడుతుందా!" అన్నాడు టైల్స్ కొట్టు అన్న. మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి మాస్టారికి నవ్వు రాలేదు.

ఇంకాసేపట్లో వాడే వచ్చేస్తాడు, వస్తే ఏదో ఒకటి అనేసి నవ్వులాటలో కలిపేయొచ్చు అనుకున్నాడు. వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. బండి చప్పుడైనప్పుడల్లా తలెత్తాడు. పాల వ్యాను వెళ్ళింది. ఎవరో దంపతులు స్కూటరు మీద వెళ్ళారు. కంచంలో అన్నం అలాగే ఉంది. ఫోను తీసి బల్ల కింద చూశాడు. సిగ్నలు లేదు. ఇప్పుడైనా చెప్పొచ్చు. కానీ ఇప్పుడు చెప్తే, ఇందాక ఎందుకు అబద్ధమాడావంటారు. ఇంకాసేపు ఆగితే, ఇంతసేపూ ఎలా కూర్చుని తిన్నావంటారు. చెప్పాల్సిన మాట ఆగేకొద్దీ బరువెక్కుతోంది. చివరికి అది ఎత్తలేనంతైంది.

భోజనాలయ్యాక అందరూ బళ్ళెక్కారు. తిరుగుదారి కొండకి అవతలివైపు నుంచి. మాస్టారు కూడా ఎక్కాడు. వాళ్ళ వెనకే కదిలాడు. అవును, కదిలాడు. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆయనకి తల కొట్టేసినట్టయ్యేది ఈ ఒక్కచోటే. దాటి వెళ్ళడం ఒక పిచ్చి క్షణం అనుకోవచ్చు. అబద్ధం నోరు జారడం అనుకోవచ్చు. కానీ కడుపు నిండాక, బండి స్టార్టు చేసి, బావమరిది ఉన్న వైపు కాకుండా ఇంకోవైపు కొండ దిగడం మొదలుపెట్టడాన్ని ఏమనుకోవాలి?

సగం కొండ దిగాక చెయ్యెత్తి పక్కకి ఆగాడు. ముందున్న టైల్స్ కొట్టు తమ్ముడు అద్దంలో చూసి తిరిగొచ్చాడు.

"ఏమైంది మాస్టారూ?"

"బండి ఎందుకో లాగట్లేదు. నేను మెల్లగా వస్తాలే, నువ్వు పద."

"మిమ్మల్ని ఒక్కళ్ళనీ కొండ మీద వదిలేసి ఎలా వెళ్తానండీ? నేనూ ఉంటా."

మాస్టారికి ఆ కుర్రాడి మొహం చూడ్డానికి ముఖం చెల్లలేదు. "వెళ్ళమన్నానా!" అని కసిరాడు. ఎప్పుడూ ఎవర్నీ కసరని మనిషి. కుర్రాడు బిత్తరపోయి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెనక్కి తిప్పి హోటలు దాటాడు. వచ్చేటప్పుడు నవ్వుతూ వాలిన మలుపులన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే నిలబెట్టి అడుగుతున్నట్టున్నాయి. ప్రతి మలుపులోనూ లోయ అంచు వెంట చూశాడు. దిగాడు. దిగాడు. జలాశయం కనబడే మలుపుకి కాస్త పైన, రోడ్డు పక్క సిమెంటు దిమ్మ మీద, ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని బన్ను కూర్చుని ఉన్నాడు. బండి కాలవలో పక్కకి పడి ఉంది. కుడిచెయ్యి రుమాలుతో మెడకి కట్టుకుని ఉంది. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు.

"వచ్చావా బావా!" అన్నాడు బన్ను. మొహం పాలిపోయింది, కానీ నవ్వాడు. "నిన్ను అందుకుందామని కాస్త గట్టిగా ఇచ్చా. మలుపులో కంకర. జర్రున జారింది."

"ఎప్పుడు?"

"నువ్వు దాటిన కాసేపటికే."

మాస్టారు తలెత్తి చూశాడు. ఎండ నెత్తి మీద నుంచి పక్కకి వాలింది. అంతసేపూ ఈ మనిషి ఇక్కడే ఉన్నాడు.

"ఎవరూ రాలేదా ఇటు?"

"ఎందుకు రాలేదు? పాల వ్యానువాళ్ళు ఆగి నన్ను బయటికి లాగారు. ఈ కట్టు వాళ్ళు కట్టిందే. ఆస్పత్రికి తీసుకెళ్తామన్నారు. మా బావ ఆఖర్న వచ్చే మనిషి, వెనక్కి వస్తాడు, నేను లేకపోతే కంగారు పడతాడని చెప్పి పంపించేశా. ముందు ఎవరికైనా ఏమైనా అయిందా బావా? అంత హడావిడిగా వెళ్ళావు?"

మాస్టారు వంగి అతని హెల్మెట్ అందుకున్నాడు. "ఆ... ఎవరిదో టైరు" అన్నాడు.

"తిన్నారా అందరూ? సంచీలో బన్నులు నలిగిపోయాయి. మంచివి ఏరితే కొన్ని ఉంటాయి చూడు."

బన్నుని తన వెనక కూర్చోబెట్టుకుని, కండువాతో ఇద్దరి నడుములూ కలిపి కట్టుకుని మాస్టారు కొండ దిగాడు. గుంత వచ్చినప్పుడల్లా చెవి పక్కన బన్ను ఊపిరి బిగబట్టడం వినబడేది. గడ్డం బావ భుజం మీద ఆనించి, బాగున్న చేత్తో చొక్కా పట్టుకుని, చంటిపిల్లాడిలా అతుక్కుని కూర్చున్నాడు. ఆ బరువు వీపు మీద మోస్తూ మాస్టారు ప్రతి మలుపులోనూ బండిని నడక వేగానికి తగ్గించాడు.

ఆస్పత్రిలో ఎక్సురే తీసి, మణికట్టు రెండు చోట్ల విరిగిందన్నారు. కట్టు వేస్తుండగా మాస్టారి భార్య పరిగెత్తుకుంటూ వచ్చింది. తమ్ముడి తల నిమిరి, మొగుడి వంక ఆదరంగా చూసింది. "మీరు పక్కనే ఉన్నారు కాబట్టి సరిపోయింది" అంది. మాస్టారు మంచం కోడు వంక చూస్తూ నిలబడ్డాడు.

చీకటి పడకముందే డాక్టరు కూడా వచ్చాడు, ఎవరో చెబితే విని. గదిలోకి అడుగుపెడుతూనే ఆశ్చర్యపోయాడు.

"అదేంటి మాస్టారూ? బన్ను కొండెక్కకుండానే ఇంటికి తిరిగిపోయాడని మీరే చెప్పారుగా, భోజనాల దగ్గర?"

భార్య మాస్టారి వంక తిరిగింది. మాస్టారు నోరు తెరిచాడు.

"అవునండీ" అన్నాడు బన్ను మంచం మీద నుంచి. "భయమేసి వెళ్ళిపోతానని నేనే చెప్పా. బావ వెళ్ళాక సిగ్గేసింది. మనసు మార్చుకుని మళ్ళీ వెనకాలే ఎక్కా. నా ఖర్మ." అని నవ్వబోయి, నొప్పికి మొహం చిట్లించాడు.

"అదా సంగతి" అన్నాడు డాక్టరు. కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. ఆయన నమ్మాడు.

భార్య నమ్మలేదు. తమ్ముడు అబద్ధం ఆడినప్పుడు చెవులు ఎర్రబడతాయని ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంటికొచ్చాక అన్నం వడ్డించింది. ఎదురుగా కూర్చోకుండా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఒకే మాట అడిగింది.

"వాడు వెనక పడిపోవడం మీకు కనపడలేదా?"

"లేదు" అన్నాడు మాస్టారు.

ఆమె మజ్జిగ గిన్నె ఆయన పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అరిచినా, ఏడ్చినా ఆయనకి బాగుండేది. ఆ రోజు నుంచి ఆమె అన్నీ మామూలుగానే చేసింది. ఒక్క నవ్వడం మాత్రం మానేసింది. టీవీలో కారు దూసుకొచ్చి ఆయన కాలు నేలని తొక్కితే, లేచి లోపలికి వెళ్ళిపోయేది.

బన్ను చెయ్యి కట్టులో ఉన్నన్నాళ్ళూ పిండి పిసకడానికి మనిషి కావాలన్నాడు బేకరీ యజమాని. మాస్టారు వెళ్ళి నిలబడ్డాడు. డ్రైవింగ్ పాఠాలు ఎలాగూ ఏడింటికి గానీ మొదలవ్వవు, అంతకు ముందు వస్తానన్నాడు. ఊరికే చేస్తానన్నాడు. యజమాని ఆయన్ని ఎగాదిగా చూసి సరేనన్నాడు.

ఆ పని అంత తేలిక కాదని మొదటి రోజే తెలిసింది. పిండి చేతులకి అంటుకుని మోచేతుల దాకా పాకేది. కనుబొమ్మలకి, చెవులకి కూడా అయ్యేది. పక్కన స్టూలు మీద కట్టు చేత్తో కూర్చున్న బన్ను, "తొందర లేదు బావా, నిదానం, నిదానం" అనేవాడు. అని, తనే పగలబడి నవ్వేవాడు. మాస్టారు తల వంచుకుని పిసికేవాడు. ఆ నవ్వులో ఎక్కడైనా ముల్లు ఉందేమోనని వెతికేవాడు. దొరికేది కాదు. దొరక్కపోవడమే ఆయన్ని తినేసేది.

కట్టు తీసేశారు. మణికట్టు పూర్తిగా తిరగడం లేదు, కాలం పడుతుందన్నారు. ఆ మర్నాడు పొయ్యి వేడెక్కుతుండగా, మాస్టారు పిండి ముద్దలు బల్ల మీద పేరుస్తూ ఆగిపోయాడు. ఎన్నాళ్ళ నుంచో నోట్లో నానుతున్నది ఆ పూట ఎలాగైనా చెప్పేయాలనుకున్నాడు.

"ఒరేయ్, ఆ రోజు నేను..."

"టైరు ఎవరిదీ పోలేదు. తెలుసు" అన్నాడు బన్ను. పొయ్యి తలుపు సందులోంచి లోపలికి చూస్తూ అన్నాడు, మామూలుగా. "నన్ను దాటేటప్పుడు నీ మొహం చూశా బావా. నవ్వుతున్నావు. అంత సంతోషంగా నిన్ను ఎప్పుడూ చూళ్ళేదు. అందుకే చెయ్యి ఊపా."

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు.

"తెలిసి మరి ఆ వ్యాను ఎందుకు ఎక్కలేదురా? అంత నొప్పితో అంతసేపు..."

బన్ను ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. అసలు కారణం అప్పుడే తనకీ తడుతున్నట్టు.

"ఎక్కితే నువ్వు నన్ను వదిలేసినట్టే అయిపోతుంది కదా. ఎక్కకుండా కూర్చుంటే, ఇంకా రాలేదు అని అనుకోవచ్చు." తర్వాత చేత్తో గాలిలో ఏదో తుడిచేసి, "పిండి ఆరిపోతోంది, కానివ్వు" అన్నాడు.

మాస్టారు కానిచ్చాడు. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ పిండే. ఇంతకాలం ఆయన సిగ్గంతా ఎవరికైనా తెలిసిపోతుందేమోనన్న భయంతో కలిసి ఉండేది. ఇప్పుడు భయం పోయింది. సిగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇంకా శుభ్రంగా, ఇంకా పెద్దగా కనబడుతోంది. ఆ సాయంత్రమే భార్య దగ్గర కూర్చుని, ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె అంతా విని, "వాడు చెప్పడు. మీరే చెప్పాలని చూస్తున్నా" అంది. లేచి టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. వెంటనే ఏదీ బాగైపోలేదు, కానీ ఆమె ఆయన ఎదురుగానే కూర్చుని తాగింది.

మరుసటి ఏడు డాక్టరు మళ్ళీ అందర్నీ పోగేశాడు. బన్ను చెయ్యి ఎక్సిలేటర్ తిప్పేంత కుదుటపడలేదు గానీ, కొండ చూడాలన్న సరదా చావలేదు. స్టూడియో ఆవిడ వెనక కూర్చుని వెళ్ళాడు. మాస్టారిని కూడా రమ్మని ఎంతమంది అడిగినా రానన్నాడు. ఆ ఆదివారం బన్ను బదులు బేకరీలో ఆయన ఒక్కడే పొయ్యి ముందు నిలబడ్డాడు. రొట్టెలు కాస్త మాడాయి. కొన్నవాళ్ళెవరూ ఏమీ అనలేదు.